‘ఆ మాత్రలెందుకమ్మా?’: హెచ్ఐవీ పాజిటివ్ అని పిల్లలకు చెప్పాలా, ఎలా చెప్పాలి

2022 జులైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల 75 వేల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ ఏడాది 25 లక్షలు దాటింది. మాది కోనసీమలో ఒక లంక. తెల్లారేసరికి వాకిట్లోకి నీళ్లొచ్చేశాయి. పిల్లలిద్దర్నీ, అత్తగారిని, రెండు సంచుల బట్టల్ని పడవెక్కించి, గట్టు మీద స్కూల్లో దిగాక గుర్తొచ్చింది, మా మాత్రల సీసాలు గూట్లోనే ఉండిపోయాయని. మా ఆయన మళ్లీ పడవెక్కి వెళ్లారు. రావడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ మా అమ్మాయి నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆయన వచ్చాక నెమ్మదిగా అడిగింది: “బీపీ మాత్రల కోసం నాన్నని వరదలోకి పంపావా అమ్మా? బీపీ మాత్రలు ఇక్కడ క్యాంపులో నర్సుగారు ఊరికే ఇస్తున్నారు కదా?”

దానికప్పుడు 12 ఏళ్లు. నా దగ్గర జవాబు లేదు.

నాకూ, మా ఆయనకూ హెచ్ఐవీ పాజిటివ్. 2013లో చిన్నాడు కడుపులో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో బయటపడింది. పిల్లలిద్దరికీ లేదు. వరద తర్వాత పది నెలలకి, ఎండాకాలం సెలవుల్లో అమ్మాయికి చెప్పాం. ఆ పది నెలల్లో మేము చేసిన తప్పులు, పెద్దాసుపత్రి బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లు చెప్పుకున్న సంగతులు, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ధైర్యం, సలహా చెప్పే కౌన్సిలర్ మేడం నేర్పిన మాటలు, అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. చెప్పాలని తేల్చుకున్నవారికీ, ఇప్పుడే వద్దు అనుకున్నవారికీ కూడా పనికొస్తుందనే రాస్తున్నాను. పిల్లలకే పాజిటివ్ ఉండి, వాళ్లే మందులు వాడుతుంటే మాత్రం ఆ దారి కొంచెం వేరు. దాన్ని ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలర్‌తో కలిసే నడవాలి.

ముందు, పిల్లలకు ఇప్పటికే ఏం తెలుసో చూడండి

మనం ‘చెప్పాలా వద్దా’ అని ఆలోచిస్తూ ఉంటాం, అక్కడికి పిల్లలకు ఏమీ తెలియనట్టు. వాళ్లకి చాలా తెలుసు. పేరు ఒక్కటే తెలియదు.

ఒక వారం రోజులు మీ ఇంటిని పిల్లల కళ్లతో చూడండి. ఇంట్లో మామ్మ వేసుకునే బీపీ మాత్రలు రేకు షీట్లో ఉంటాయి. మీ మాత్రలు తెల్ల సీసాలో ఉంటాయి, కదిపితే గలగలమంటాయి, పైన లేబుల్ చింపేసి ఉంటుంది. మందుల వివరాలు రాసే సెంటర్ పచ్చ పుస్తకం బియ్యం డబ్బా అడుగున ఉంటుంది. మందులకు వెళ్లిన ప్రతిసారీ ‘చుట్టాలింటికి’ అని బయల్దేరతారు. మా చిన్నాడు ఒకసారి అడిగేశాడు, “మనకి కాకినాడలో చుట్టాలెవరమ్మా, ఒక్కరోజూ మనింటికి రారేంటి?” అని. మనవాళ్లలో చాలామంది ఊరివాళ్లు తగులుతారని దగ్గర్లో ఉన్న సెంటర్ వదిలేసి రాజమండ్రివాళ్లు కాకినాడకి, కాకినాడవాళ్లు ఏలూరుకి వెళ్తుంటారు. పెద్దవాళ్ల నుంచి దాక్కోవడానికి ఆ తిరుగుడు సరిపోతుందేమో కానీ, సాయంత్రం ఇంటికొచ్చిన బస్ టికెట్టు చదవగలిగిన పిల్లల నుంచి కాదు.

పైగా ఇప్పుడు ఫోనుంది. సీసా మీద లేబుల్ ఉంటే డోలూటెగ్రావిర్ అనే మందు పేరు కెమెరాకి చూపిస్తే చాలు, రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఫోను లేకపోయినా 10వ తరగతి జీవశాస్త్రం పుస్తకంలో పునరుత్పత్తి పాఠం ఉంది, అందులో హెచ్ఐవీ ఉంది. డిసెంబర్ 1న, ఎయిడ్స్ దినం నాడు, స్కూళ్ల నుంచి ర్యాలీలు తీస్తారు. ఆ వరద వచ్చిన ఏడాదే మా అమ్మాయి ఎర్ర రిబ్బను కాగితం జాకెట్టుకి గుచ్చుకుని నినాదాలు చేసుకుంటూ నడిచొచ్చి, ఆ రిబ్బను తెచ్చి నా కుట్టు మిషన్ మీద పెట్టింది. అప్పటికి దానికేమీ తెలియదనే నేననుకున్నాను.

వాళ్లు గమనించినవి ఒక కాగితం మీద రాసుకోండి. చెప్పే రోజున అవే మీకు మొదటి మాట అందిస్తాయి.

చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు

ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాది కొంత తేలిక. చెప్పడానికి ఇంకా టైముంది అనుకుంటే ఆగండి, తప్పులేదు. కానీ ఆగే రోజుల్లో అబద్ధం మాత్రం చెప్పకండి. ‘బీపీ’, ‘విటమిన్ మాత్రలు’, ‘బలానికి’ అని మనం అనేవన్నీ రేపు నిజం చెప్పేటప్పుడు వెనక్కి తీసుకోవాల్సిన మాటలే. జబ్బు ఉందని తెలిసినందుకు మా అమ్మాయి అంతగా బాధపడలేదు. ఏళ్ల తరబడి బీపీ అన్నందుకు బాధపడింది.

ఇవాళే బీపీ అనడం మానేయండి. దాని బదులు నిజమే, కానీ పేరు లేకుండా చెప్పండి: “నా రక్తంలో ఒక జబ్బుంది. ఈ మాత్ర వేసుకుంటే అదుపులో ఉంటుంది. దాని గురించి నీకు అన్నీ చెప్తాను, ఇప్పుడు కాదు.” ఇది అయిదేళ్ల పిల్లకీ చెప్పొచ్చు. తర్వాత ఎప్పుడు పేరు చెప్పినా ఈ మాట మార్చుకోవాల్సిన పని ఉండదు.

పిల్లలకి పరీక్ష అయిందా?

చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్నల్లో “మరి నాకో?” అన్నది ఒకటి. దానికి ‘తెలీదు’ అనే జవాబు మన దగ్గర ఉండకూడదు. అందుకని ముందు ఆ పని చూసుకోండి.

తల్లికి పాజిటివ్ అని ఆలస్యంగా తెలిసిన ఇళ్లలో పెద్ద పిల్లలకు అసలు పరీక్షే చేయించి ఉండరు. పిల్ల ఆరోగ్యంగానే ఉంది కదా అని వదిలేస్తారు. అలా వదలకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, పరీక్ష ఊరికే చేస్తారు. 18 ఏళ్లలోపు పిల్లలకైతే మీ ఒప్పుదల అడుగుతారు. మందులు లేని రోజుల్లో తల్లి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉండేది. తల్లి మందులు వాడుతూ, బిడ్డకు పుట్టగానే సిరప్ వేస్తే అది 5 కంటే తగ్గిపోతుంది. మా చిన్నాడికి ఆరు వారాలప్పుడు ఒక పరీక్ష చేశారు, ఆఖరిది 18 నెలలకి. ఆ ఆఖరి రిపోర్టు నేను పారేయలేదు, జిరాక్స్ కూడా తీయించి పెట్టాను. అమ్మాయి రిపోర్టూ దాని పక్కనే ఉంది. చెప్పేరోజు ఆ కాగితం చేతిలో ఉంటే మన నోటికి ధైర్యం వస్తుంది.

మీ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో, అది కూడా చూసుకోండి. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది రోజుకొక్క మాత్ర, మూడు మందులు కలిపిన టీఎల్‌డీ. క్రమంగా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గుతుంది. అలా దొరకని స్థితిలో ఉన్నవారి నుంచి భార్యకో భర్తకో కూడా అది సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఈ సంగతి ముందు మీరు నమ్మాలి. మీరే వణుకుతూ ‘భయం లేదు’ అంటే పిల్లలు మాటని కాదు, వణుకునే వింటారు.

ఈ మధ్యనే పాజిటివ్ అని తెలిసినవారు తొందరపడకండి. ఆ మాట మీరు ఏడవకుండా అనగలిగే రోజు రానివ్వండి.

ఇంట్లో పెద్దవాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావాలి

మాకు పది నెలలు పట్టింది ఇక్కడే.

వరద తగ్గి ఇంటికొచ్చి బురద కడుక్కుంటున్నప్పుడే నేనన్నాను, “పిల్లకి చెప్పేద్దామండి” అని. ఆయన చీపురు అక్కడే పడేసి చెరువు మీదకి వెళ్లిపోయారు. రొయ్యల చెరువు కాపలా ఆయన పని. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, “నేను పోయాక చెప్పుకో.” ఇలా అనే మగవాళ్లు చాలామంది ఉంటారని బెంచీ మీద తెలిసింది. వాళ్లది మొండితనం అనుకుంటాం కానీ అది భయం. జబ్బు పేరు చెప్పడానికి కాదు ఆయన భయం, ‘నాన్నా, ఎలా వచ్చింది?’ అని కూతురు అడుగుతుందని. పెళ్లికి ముందు ఊరు కాని ఊళ్లో పనిచేసిన రోజుల సంగతి ఆయన నాతోనే ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నేనూ అడగడం మానేశాను.

మీ ఇంట్లో భర్తో భార్యో వద్దంటుంటే ‘ఎందుకు వద్దు’ అని వాదించకండి. ‘ఏ ప్రశ్నకి భయపడుతున్నారు’ అని అడగండి. మేము కౌన్సిలర్ మేడం దగ్గర ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. జబ్బు సంగతి నేను చెప్తాను. ఎలా వచ్చిందన్న ప్రశ్న వస్తే నేను జవాబు చెప్పను, ఆయనే చెప్తారు. ఎంత చెప్పాలో కూడా ఆయన ఇష్టమే. ఆయన లేకుండా నేను ఒక్క మాట కూడా ఎక్కువ అనను. ఆ మాట ఇచ్చాకే ఆయన సరేనన్నారు.

మీరు ఒంటరిగా పెంచుతున్న తల్లి అయితే, భర్త పోయి ఉంటే, చెప్పే భారం మొత్తం మీదే. అప్పుడు ఒక జాగ్రత్త. పోయిన మనిషి మీద కోపం ఆ మాటల్లోకి రానివ్వకండి. ఆ పిల్లకి ఆయన నాన్న. మన అత్తవారి వైపు కొందరు ఇప్పటికే తప్పు మన మీదకి తోసి ఉంటారు, నాకు తెలుసు. దానికి జవాబు పిల్లల ద్వారా చెప్పించాలనుకోవద్దు.

ఇంట్లో తాగి గొడవలు చేసే మనిషి ఉంటే, ఈ సంగతి పిల్లల మీద ఆయుధంగా వాడతారనిపిస్తే, చెప్పడం ఆపండి, ముందు కౌన్సిలర్‌తో మాట్లాడండి. మా బెంచీ మీద ఒకావిడ కొడుక్కి వాళ్ల నాన్న మందు మత్తులో, పొట్లాటలో, నలుగురి ముందు చెప్పేశాడు. ఇంకొకావిడ కూతురికి పెళ్లింట్లో ఎవరో మేనత్త చెప్పింది. ఆలస్యమయ్యే కొద్దీ ఇలాంటివే జరుగుతాయి. ఆగుతామంటే ఆగండి, కానీ ఎప్పటిదాకా ఆగుతారో క్యాలెండర్ మీద రాసుకోండి.

ఏ వయసుకి ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దీని మీద సలహాలు ఇచ్చింది. బడికెళ్లే వయసు పిల్లలకు, అంటే 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు, తల్లిదండ్రుల పరిస్థితి చెప్పడమే మంచిదని, అంతకంటే చిన్నపిల్లలకు వాళ్లకి అర్థమయ్యే కొద్దీ కొంచెం కొంచెంగా చెప్పాలని అందులో ఉంది. నా అనుభవంలో అది ఒకరోజు పని కాదు, మెట్లు.

ఆరేళ్లలోపు: జబ్బుంది, మాత్ర ఉంది, నీ వల్ల రాలేదు, నీకు అంటుకోదు. అంతే. ‘నీ వల్ల రాలేదు’ అనేది మర్చిపోకండి. అమ్మకి ఒంట్లో బాగోకపోతే తన అల్లరి వల్లే అనుకునే వయసది.

బడి పిల్లలకు వైరస్ అనే మాట చెప్పొచ్చు. కరోనా పుణ్యమా అని ఆ మాట అందరికీ తెలుసు. పేరు చెప్పాలా వద్దా అన్నది పిల్లని బట్టి. కడుపులో మాట దాగని పిల్లలుంటారు, మా చిన్నాడు ఆ రకం. వాడికి పేరు ఇంకా చెప్పలేదు.

పదీ పన్నెండూ దాటాక పేరు చెప్పేయడమే మేలు. వాళ్లకి పేరు తెలిసే దారులు చాలా ఉన్నాయి, వాటిలో మొదటిది మీరే కావాలి. 13, 14 దాటిన పిల్లలకైతే ఎలా సోకుతుందో కూడా దాచకుండా చెప్పాలి, శారీరక సంబంధం సంగతితో సహా. సిగ్గు మనకే. వాళ్లు పుస్తకంలో చదివేసి ఉంటారు.

ఎక్కడ, ఎప్పుడు?

ఇంట్లో వద్దు. మన ఇళ్ల గోడలకి చెవులుంటాయి, అరుగు మీద కూర్చున్న పక్కింటివాళ్లకి ఇంకా పెద్ద చెవులుంటాయి. సంక్రాంతికి వద్దు, చుట్టాల పిల్లలందరూ ఇంట్లోనే ఉంటారు, ఆ రాత్రే కబుర్లలో బయటపడుతుంది. పరీక్షల ముందు వద్దు. ఆసుపత్రికి వెళ్లొచ్చిన రోజు వద్దు, ఆరోజు మన మొహమే బాగుండదు. పనికని దూరం ఊరు వెళ్లే ముందురోజు కూడా వద్దు. చెప్పేసి మనిషి కనపడకుండా పోతే పిల్లలు చావునే ఊహించుకుంటారు. (గల్ఫ్‌కైతే వీసాకి చేసే మెడికల్‌లో హెచ్ఐవీ పరీక్ష ఉంటుంది, అందులోనే తమకు పాజిటివ్ అని తెలిసి ఆగిపోయినవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. ‘వీసా ఎందుకు రాలేదమ్మా?’ అని పిల్లలు అడిగితే అక్కడ కూడా అబద్ధం ఒకటి తయారవుతుంది.)

పొద్దున్న పూట మంచిది. రాత్రి చెప్తే పిల్లకి దుప్పటి కింద తనొక్కతే మిగులుతుంది. పొద్దున్నయితే రోజంతా మన వెంట తిరిగి అడుగుతుంది.

ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పకండి, విచారణలా ఉంటుంది. పక్కపక్కన నడుస్తూనో, ఏదో పని చేస్తూనో చెప్పండి. మేము ముగ్గురం కొబ్బరితోటలో రాలిన కమ్మలు ఏరుతున్నాం. చిన్నాణ్ని మా చెల్లెలింటికి పంపేశాం. చేతికి పనుంటే కళ్లు కలపకుండా మాట్లాడొచ్చు, ఏడుపొస్తే కమ్మ తీయడానికి వంగొచ్చు. ముగ్గురం ఆరోజు చాలాసార్లు వంగాం.

మాటలు

నేను అన్న మాటలే రాస్తున్నాను. మీ ఇంటి భాషలోకి మార్చుకోండి. ముందు ఒకటి రెండుసార్లు బయటికి అని చూసుకోండి, నేను బట్టలుతికేటప్పుడు రేవులో అనుకున్నాను.

“అమ్మలూ, వరదప్పుడు నన్నొకటి అడిగావు. బీపీ మాత్రల కోసం నాన్నని పంపావా అని. అవి బీపీ మాత్రలు కావు. నీకు అబద్ధం చెప్పాను, తప్పు నాదే. నా రక్తంలో, నాన్న రక్తంలో హెచ్ఐవీ అనే వైరస్ ఉంది. ఆ మాత్రలు దానికి. నీకూ తమ్ముడికీ లేదు, పరీక్ష చేయించాం, కాగితం చూపిస్తాను.”

అంతే, అక్కడ ఆపేశాను. ఇంకా చెప్పాలని నోరు కొట్టుకుంటుంది, ఆపండి. పిల్ల అడిగిందానికి మాత్రం చెప్పండి.

మందు ఎలా పనిచేస్తుందని అడిగినప్పుడు మా ఆయన చెప్పింది నాకు నచ్చింది. “కాలవ మీద లాకు ఉంది కదమ్మా. తలుపులు దించితే నీళ్లు ఎక్కడికీ పోవు, అవతలే ఉంటాయి. కానీ మన చేలోకి రావు. ఈ మాత్ర ఆ తలుపు. రోజూ దించి ఉండాలి. నాలుగురోజులు ఎత్తేశామనుకో, మళ్లీ దించుదామన్నా ఆ తలుపు ఒక్కోసారి పనిచేయదు, వైరస్ ఆ మందుకి అలవాటు పడిపోతుంది. అందుకే వరదలోకి వెళ్లాను.” దానికి ఆ వరద అప్పుడు అర్థమైంది.

వచ్చే ప్రశ్నలు

“చచ్చిపోతారా?” మొదట వచ్చింది ఇదే. ‘ఎప్పటికీ చావం’ అని మాటివ్వకండి. మేము ఇలా చెప్పాం: మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఊరికే ఇస్తోంది. అప్పుడు మొదలుపెట్టినవాళ్లు ఇప్పటికీ మాతో పాటు లైన్లో నిలబడుతున్నారు, కొందరు మనవల్ని ఎత్తుకుని వస్తున్నారు. మందు మానకపోతే మిగతా అందరిలాగే బతుకుతాం.

“నాకు అంటుకుంటుందా?” ముద్దు పెట్టుకుంటే రాదు, ఎంగిలి కొబ్బరినీళ్లు తాగితే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, ఒకే పక్క మీద పడుకుంటే రాదు. దోమలతో రాదు. మన డెల్టాలో దోమల ప్రశ్న తప్పకుండా వస్తుంది, ముందే చెప్పేయండి. బ్లేడు మాత్రం ఎవరిది వాళ్లదే, అది ఈ జబ్బు ఉన్నా లేకపోయినా.

“మామ్మ నీకు వేరే కంచం పెట్టేది ఇందుకేనా?”

దీనికి నేను సిద్ధంగా లేను. మా అత్తగారికి మొదటినుంచీ తెలుసు. నా కంచం, నా గ్లాసు వేరుగా ఉంచేది. పదేళ్లుగా అలవాటైపోయి నేనే గమనించడం మానేశాను. పిల్ల గమనించింది. “అవునమ్మా, మామ్మకి భయం” అన్నాను. అది ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆ కంచం తనే తీసుకుని అందులో అన్నం పెట్టుకుని, మామ్మ పక్కనే కూర్చుని తింది. మా అత్తగారు చూస్తూ ఉండిపోయింది. దాని గురించి ఇంట్లో ఇప్పటిదాకా ఎవరమూ మాట్లాడుకోలేదు.

“ఎలా వచ్చింది?” వస్తుందనుకున్న ప్రశ్న ఆరోజు రానే లేదు. నాలుగు నెలలకి, వాళ్ల నాన్న బండి మీద స్కూల్ నుంచి వస్తూ అడిగింది. ఆయన బండి గట్టు పక్కన ఆపి, “పెళ్లికి ముందు నా తెలియనితనం వల్ల నాకు వచ్చింది, నాకే తెలియక నా నుంచి అమ్మకి వచ్చింది” అన్నారట. ఇంటికొచ్చి నాకు చెప్పి, మంచం మీద పడుకుని గోడవైపు తిరిగిపోయారు. పిల్ల మాత్రం ఆయనకి టీ పెట్టింది. చిన్నపిల్లలైతే “పెద్దవాళ్ల మధ్య వచ్చే జబ్బు, నువ్వు పెద్దయ్యాక చెప్తాను” అంటే చాలు. కానీ ఆ ‘తర్వాత’ నిజంగా రావాలి.

తెలియనిది అడిగితే ‘నాకు తెలీదు, మేడంని అడుగుదాం’ అనండి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు 1097, డబ్బులు పడవు, పెద్ద పిల్లలకైతే ఆ నంబరు ఇచ్చేయొచ్చు. ఇంటర్నెట్‌లో వెతుకుతారు, ఆపలేరు. మీరే పక్కన కూర్చుని వెతకండి, పాతకాలం భయం బొమ్మలు కనపడితే ‘ఇది మందులు లేనప్పటిది’ అని చెప్పండి.

గుట్టు

‘ఎవరికీ చెప్పకు’ అని ఒక్క మాటతో వదిలేస్తే అది పిల్ల గుండె మీద రాయి పెట్టినట్టే. ఆ మాటకి రెండో సగం ఉండాలి: ఎవరితో మాట్లాడొచ్చు? మా అమ్మాయికి నలుగురి పేర్లు చెప్పాం: మేమిద్దరం, మా చెల్లెలు, కౌన్సిలర్ మేడం. చెల్లెలికి ముందే చెప్పి, ‘పిల్ల వస్తే విను, సలహాలివ్వకు’ అని మాట తీసుకున్నాం. ఈ పని చెప్పడానికి ముందే చేసి పెట్టుకోవాలి. అలాంటి ఒక్క మనిషైనా దొరక్కపోతే ఇంకొన్నాళ్లు ఆగడమే నయం అంటాను నేను.

సిగ్గుపడి దాచడం వేరు, ఇంటి గుట్టు వేరు. మా నాన్న అప్పులు, మా అక్క సంబంధం తప్పిపోవడం, ఇవన్నీ కూడా వీధిలో చెప్పుకోలేదు కదా. అలాగే ఇది. “మనం తప్పు చేశామని కాదు, ఊళ్లో అందరికీ ఇది సరిగ్గా తెలియదని చెప్పట్లేదు” అని చెప్పాం. ఎవరైనా గుచ్చి అడిగితే అనడానికి ఒక వాక్యం కూడా ఇచ్చాం: “మా అమ్మ ఆరోగ్యం సంగతి మా అమ్మనే అడగండి.”

పొరపాటున బయటికి చెప్పేస్తే కొట్టకండి, తిట్టకండి. అది మీ దగ్గరికొచ్చి చెప్పుకోగలగాలి. చట్టం మన వైపే ఉంది. 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. కోర్టు ఆదేశం లాంటి సందర్భాలు తప్ప, పరిస్థితి బయటపెట్టమని మనల్ని ఎవరూ బలవంతం చేయకూడదు, ఆ కారణంతో బడిలో పిల్లల్ని వేరుగా చూడకూడదు. స్కూలుకి మీరు చెప్పాల్సిన పని లేదు. అదే చట్టంలో ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు: ఇంటి పనులు చూసుకునేంత వివరం తెలిసిన 12 నుంచి 18 ఏళ్ల అక్కో అన్నో, తమ్ముళ్లు చెల్లెళ్ల బడి అడ్మిషన్, బ్యాంకు ఖాతా లాంటి వాటికి గార్డియన్‌గా సంతకం చేయొచ్చు. తల్లిదండ్రులు లేనివాళ్లకి, మంచాన పడినవాళ్లకి అవసరం పడుతుంది.

చెప్పిన తర్వాత

మొదటి వారం అది మాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం సగం తిని లేచిపోయేది. నేను టెన్షన్ పడి వెంటబడ్డాను, తప్పు. రెండో వారం తనే వచ్చి కూర్చుంది. నిద్రపట్టకపోవడం, బడికి వెళ్లనని మొండికేయడం, మార్కులు ఒక్కసారిగా పడిపోవడం నెలకి మించి ఉంటే కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. రాత్రి తొమ్మిదికి నా ఫోన్‌లో అలారం అదే పెట్టింది. మోగగానే మాత్ర, మంచినీళ్లు తెచ్చి, మింగేదాకా నిలబడేది. ముచ్చటేసింది, కొన్నాళ్లు అలా సాగనిచ్చాను. ఒకరోజు స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్లనంది, తొమ్మిదయిపోతుందని. ఆరోజు అలారం నా చేతికి తీసుకున్నాను. పిల్ల పిల్లగానే ఉండాలి, మన మందుల లెక్క మనదే. అత్యవసరంలో ఏం చేయాలో మాత్రం తెలిసుండాలి: సీసాలు, పచ్చ పుస్తకం ఏ సంచిలో ఉన్నాయి, ఏ సెంటర్, మేడం నంబరు. ఆ సంచి ఇప్పుడు తలుపు పక్క మేకుకి తగిలించి ఉంటుంది. జులై వస్తే అమ్మాయే దాన్ని పైకి, అటక మీదకి మారుస్తుంది.

చిన్నాడికిప్పుడు 12. రక్తంలో వైరస్ ఉందని, మాత్రతో అదుపులో ఉంటుందని వాడికి తెలుసు, పేరు అడగలేదు. అక్కకి తెలిసి తనకి తెలియనిదేదో ఉందని మాత్రం పసిగట్టాడు, ఈ మధ్య మేము గుసగుసలాడితే తలుపు దగ్గర నిలబడుతున్నాడు. అక్క మీద ఆ బరువు ఇంకా ఉంచడం న్యాయం కాదు. వచ్చే ఎండాకాలం సెలవుల్లో చెప్పాలని అనుకున్నాం. ఈసారి మొదటి మాట నేనే అంటానని వాళ్ల నాన్న అన్నారు.